ఆక్యుపంక్చర్ సూది పడ్డాక చెయ్యి వేడెక్కిందా? కొలిచి చూడండి

బెంగళూరు పీణ్యాలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మీటర్లు సరిచూడటమే నా పని. ఫర్నేసు ఎంత వేడిగా ఉందో నిమిషంలో చెప్పేవాణ్ణి. మా ఆవిడ చెయ్యి ఎంత వేడిగా ఉందో చెప్పడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఆవిడకి కుడి భుజం పట్టేసింది. దానికితోడు బెంగళూరులో డిసెంబరు వస్తే వేళ్లు మంచుగడ్డలే. ఆక్యుపంక్చర్‌కి వెళ్లడం మొదలుపెట్టాం. మొదటిరోజు అక్కడి అమ్మాయి కోవిడ్ రోజులనాటి నుదుటి గన్ను తెచ్చింది. సూదులకి ముందు అరచేతికి పెట్టి 36.2 అని, తర్వాత 36.7 అని కాగితం మీద రాసిచ్చింది. "చూశారా అంకుల్, అర డిగ్రీ పెరిగింది" అంది. అంత చల్లటి చెయ్యి 36 డిగ్రీలు ఎలా ఉంటుందమ్మా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ గన్ను చర్మాన్ని చూసి, లోపల ఒళ్లు ఎంత వేడిగా ఉండొచ్చో లెక్కకట్టి చూపిస్తుంది. జ్వరం చూడటానికి అది సరే, అరచేతికి పనికిరాదు. చాలా గన్నుల్లో 'సర్ఫేస్' మోడ్ ఉంటుంది, అందులో పెట్టి చూడండి. ఫ్యాక్టరీ రకం గన్నయితే ఎమిసివిటీ (వస్తువు వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.98కి మార్చాలి, మనిషి చర్మానిది అదే. గురి కోసం గన్ను వేసే ఎర్ర చుక్క పడినంత మేరే కొలుస్తుందనుకోవద్దు. గన్ను మీద 12:1 అని రాసి ఉంటే, 12 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు వెడల్పు మేర చూస్తుందని అర్థం. ఇంకా దూరం జరిగితే వేలితో పాటు వెనకున్న దుప్పటిని కూడా కలిపి సగటు చెబుతుంది.

నేనైతే గన్ను పక్కనపెట్టి ఎస్పీ రోడ్డులో రెండు వైరు థర్మామీటర్లు కొన్నాను, చేపల తొట్టెలో వేసే రకమే. రెండెందుకంటే, ఒకటి సూది పడే చేతికి, ఒకటి పడని చేతికి. ఇంటికి తెచ్చాక ముందు రెండింటినీ కలిపి పరీక్షించండి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, రెండు కొసలూ అందులో ముంచాలి. సున్నా చూపించాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ముంచి రెండింటికీ తేడా ఎంతో రాసుకోవాలి. నా దాంట్లో ఒకటి ఎప్పుడూ 0.4 ఎక్కువే చెబుతుంది. పరవాలేదు, తీసేసి లెక్కేసుకుంటాను. మరుగుతున్న నీళ్లలో ముంచి వంద రాలేదని దుకాణంవాడితో మాత్రం గొడవ పడకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లపైనే ఉంది, ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి.

కొసని మధ్యవేలి కండ మీద పెట్టి మైక్రోపోర్ టేపుతో అంటించాలి. వేలి చుట్టూ బిగించి చుట్టారంటే రక్తం ఆగిపోయి వేలు చల్లబడుతుంది, ఆ నింద సూది మీద పడుతుంది. ఉంగరాలూ గాజులూ ముందే తీయించండి. ("నేనేమన్నా బాయిలర్‌నా, ఇన్ని వైర్లు తగిలిస్తారు?" అని ఆవిడ అననే అంది.)

ఇక అసలు కష్టం ఓపిక పట్టడం. ఆటో దిగి వచ్చిన చెయ్యి, కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి, ఇప్పుడే కడుక్కున్న చెయ్యి, ఏదీ కొలతకి పనికిరాదు. ఫ్యాను ఆపించి, కిటికీ మూయించి, చేతులు దుప్పటి బయట పెట్టుకుని ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. కాఫీ, సిగరెట్టు గంట ముందే మానేస్తే మేలు, నికోటిన్ వేళ్లలోని రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది.

మేము అయిదు నిమిషాలకొకసారి రాసుకున్నాం. సూది పడగానే వేడెక్కుతుందని ఎదురుచూస్తే నిరాశే. సూది గుచ్చుతారన్న టెన్షన్‌కే వేళ్లు చల్లబడతాయి. గుచ్చగానే ఇంకొంచెం దిగుతాయి. వేలి కొసల్లో రక్తం నేరుగా ధమని నుంచి సిరకి దాటే అడ్డదారులున్నాయి. ఉలిక్కిపడినా, నొప్పి తగిలినా నరాలు వాటిని మూసేస్తాయి. మనసు కుదుటపడ్డాక అవి తెరుచుకుని వేళ్లు వెచ్చబడతాయి. ఇదంతా రెండు చేతుల్లోనూ జరుగుతుంది. కాబట్టి ఒక్క చెయ్యి చూసి తీర్పు చెప్పొద్దు, రెంటికీ మధ్య తేడా చూడండి.

సూది చుట్టూ జరిగేది వేరు. అక్కడ నరాల కొసలు సీజీఆర్‌పీ, సబ్‌స్టాన్స్ పి లాంటి రసాయనాలు వదిలితే సన్నటి రక్తనాళాలు విచ్చుకుని ఎర్రటి వలయం పడుతుంది. ఆ చోటు కొద్దిగా వెచ్చగా తేలొచ్చు. అయితే గుచ్చేముందు దూదితో స్పిరిట్ రుద్దుతారు కదా, అది ఆరేదాకా ఆ చోటు చల్లగానే ఉంటుంది. స్పిరిట్ పూర్తిగా ఆరాకే 'ముందు' కొలత తీసుకోవాలి. నా మొదటి వారం లెక్కలన్నీ ఇక్కడే పోయాయి.

సూది తిప్పే పద్ధతిని బట్టి కూడా వేడి, చల్లదనం వస్తాయంటారు చైనా సంప్రదాయంలో. 'షావో షాన్ హువో', అంటే కొండకి నిప్పు పెట్టడం. లోతుని మూడు మెట్లుగా చేసుకుని పైనుంచి లోపలికి, మెట్టుకి తొమ్మిదిసార్లు నొక్కుతూ పోతారు. 'థౌ థియన్ ల్యాంగ్' దానికి తిరగేసిన చల్లటి పద్ధతి, లోపలినుంచి పైకి, ఆరుసార్ల లెక్కన. మా డాక్టరమ్మని అడిగితే రెండూ చేసి చూపించారు. ఇక్కడ ఒక చిట్కా. ఏది చేస్తున్నారో పేషెంటుకి చెప్పొద్దు, మీటరు కూడా చూడనివ్వొద్దు. "వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?" అని మాత్రం అడిగి, ఆ మాట ఒక గడిలో, అంకె ఇంకో గడిలో రాయండి. మా ఆవిడ "భుజం దాకా వేడి పాకిందండీ" అన్న రోజు వేలి దగ్గర అంకె కదలనే లేదు. ఆవిడ చెప్పింది అబద్ధమని కాదు, పాకినట్టు అనిపించడం వేరు, చర్మం వేడెక్కడం వేరు.

మాక్సా, అంటే ఎండు ఆకు పొడిని చర్మం దగ్గర కాల్చి కాపడం పెట్టడం. దాని సంగతి కొలవక్కర్లేదు, నిప్పు దగ్గర పెడితే వేడెక్కకుండా ఎలా ఉంటుంది? అందులో కాలేది మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రి జాతి ఆకే. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు దాని జోలికి పోవద్దు, కాలినా తెలియదు. సూదులు మాత్రం సొంతంగా గుచ్చుకోకండి. క్లినిక్‌లో కొత్త ప్యాకెట్ మీ ముందే చించమనండి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా, పేస్‌మేకర్ ఉండి సూదులకి కరెంటు తగిలిస్తామన్నా ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ రోజు. అదే మంచం, అదే వేళ, అదే వైర్లు, సూది మాత్రం ఉండదు. అలా ఒకటి కాదు, మూడు రోజులైనా చెయ్యండి. మేము చేసినప్పుడు ఊరికే పడుకున్నందుకే వేళ్లు 27 నుంచి 31కి ఎక్కాయి. సూదులున్న రోజున 32 దాకా వెళ్లాయి. అంటే ఎక్కిన అయిదు డిగ్రీల్లో నాలుగు మంచానివి. మిగిలిన ఆ ఒక్క డిగ్రీ సూదిదేనా అని ఇంకా కొలుస్తున్నాను.

ఇది విని ఆవిడ, "అంతా బాగానే ఉంది గానీ, నా చెయ్యి లేస్తోందో లేదో మీ మీటరు చెబుతుందా?" అంది. ఇప్పుడు నోటుపుస్తకంలో ఇంకో గడి గీశాను, వంటింట్లో పై అరలోని చింతపండు డబ్బా అందిందా లేదా అని. నిన్నటి గడిలో 'వేళ్లు తగిలాయి' అని ఉంది.