రూట్ అనుమతి లేకుండా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సర్వర్ నడపడం

పదిమందీ కలిసి వాడుకునే లినక్స్ యంత్రంలో రూట్ (యంత్రం మొత్తం మీద నిర్వాహక అధికారం) అనుమతి లేనివారు కూడా సొంత ఖాతాలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌ను నడుపుకోవచ్చు. నిజానికి రూట్ ఖాతాతో ప్రారంభించబోతే ఆ సర్వరే ససేమిరా అంటుంది. డిఫాల్ట్ పోర్టు 5432 కూడా రూట్‌కే పరిమితమైన 1024 లోపు పోర్టుల్లోది కాదు కనుక సాధారణ వాడుకరికి అడ్డు లేదు. అయితే డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ సమయంలో చడీచప్పుడు లేకుండా చేసిపెట్టే పనులన్నీ ఇక్కడ మనమే చేసుకోవాలి.

ముందుగా కాండా అనే ఇన్‌స్టాల్ సాధనానికి ప్యాకేజీలు అందించే కాండా-ఫోర్జ్ నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను ఒక ప్రత్యేక ఎన్విరాన్‌మెంట్‌లో (విడి ఇన్‌స్టాల్ డైరెక్టరీలో), ప్రధాన వెర్షన్ సంఖ్యను స్పష్టంగా పేర్కొని ఇన్‌స్టాల్ చేయండి. డేటా డైరెక్టరీని మాత్రం ఆ ఎన్విరాన్‌మెంట్ బయటే పెట్టండి. లేకపోతే ఎన్విరాన్‌మెంట్‌ను తొలగించిన రోజున డేటా కూడా పోతుంది.

తరువాత ఇనిట్‌డీబీ ఆదేశంతో ఆ డైరెక్టరీని సిద్ధం చేయాలి. అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఈ దశలోనే. ప్రవేశ పద్ధతిని చెప్పకపోతే అది ‘ట్రస్ట్’ పద్ధతిని ఎంచుకుంటుంది, అంటే ఆ యంత్రంలో ఖాతా ఉన్న మరెవరైనా సంకేతపదం లేకుండానే సూపర్‌యూజర్‌గా (సర్వర్‌పై సర్వాధికారాలున్న వాడుకరిగా) ప్రవేశించవచ్చు. సూపర్‌యూజర్‌కు కాపీ-ప్రోగ్రామ్ అనే ఎస్‌క్యూఎల్ ఆదేశం ద్వారా షెల్ ఆదేశాలు నడిపే అధికారం ఉంటుంది కాబట్టి, ప్రమాదం డేటాతో ఆగదు, మీ ఖాతా మొత్తం వారి చేతికి చిక్కుతుంది. అందువల్ల ప్రవేశ పద్ధతిగా సంకేతపదాన్ని సరిచూసే స్క్రామ్-షా-256ను పేర్కొని, సంకేతపదం అడిగే ఐచ్ఛికాన్ని కూడా జోడించండి. ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్8ను చెప్పడమూ మరవకండి. లొకేల్ (భాషా అమరిక) ‘సి’గా ఉన్న యంత్రాల్లో అది ఎస్‌క్యూఎల్_ఆస్కీగా మారిపోతుంది, అప్పుడు ‘తెలుగు’ అనే మాట పొడవు అడిగితే 6కు బదులు 18 అని బైట్ల లెక్క చెబుతుంది.

ఇక సర్వర్ అమరికలుండే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ ఫైలు. 5432 పోర్టును అప్పటికే వేరొకరు వాడుతూ ఉంటే సంఖ్య మార్చండి. సాకెట్ (అదే యంత్రంలోని ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే ప్రత్యేక ఫైలు) డైరెక్టరీగా 0700 అనుమతులున్న, అంటే మీకు మాత్రమే ప్రవేశం ఉన్న మీ సొంత డైరెక్టరీని ఇచ్చి, సర్వర్ వినే నెట్‌వర్క్ చిరునామాలను చెప్పే లిజన్_అడ్రెసెస్‌ను ఖాళీగా ఉంచితే తోటి వాడుకరులు సర్వర్ దరిదాపులకు కూడా రాలేరు. అయితే లినక్స్‌లో సాకెట్ ఫైలు పూర్తి మార్గం 107 బైట్లు దాటకూడదు. క్లయింట్లకు ఆ చోటు తెలియడానికి పీజీహోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ చరరాశిలో ఆ డైరెక్టరీ పేరు ఉంచాలి.

పీజీ_సీటీఎల్ స్టార్ట్‌తో, లాగ్ ఫైలు పేరు కూడా ఇచ్చి సర్వర్‌ను ప్రారంభించండి. పీఎస్‌క్యూఎల్ అనే క్లయింట్ మొదటిసారి మీ వాడుకరి పేరుతోనే ఉన్న డేటాబేస్ కోసం వెతికి లేదంటుంది. క్రియేట్‌డీబీతో ఒకటి సృష్టిస్తే సరిపోతుంది.

లాగౌట్ అయిన తరువాత కూడా సర్వర్ నడవాలంటే లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో వాడుకరి సర్వీసుగా నమోదు చేసి, మీ ఖాతాకు ‘లింగర్’ (లాగౌట్ తరువాతా సర్వీసులను నడవనిచ్చే) సౌకర్యం పెట్టించుకోవాలి. అది లేకపోతే మీరు పూర్తిగా లాగౌట్ అయినప్పుడు మీ వాడుకరి సర్వీసులు ఆగిపోతాయి; సిస్టమ్‌డీ అమరికను బట్టి సర్వర్ వాడుతున్న షేర్డ్ మెమరీ కూడా తొలగిపోవచ్చు. సర్వర్‌ను ఆపడానికి పీజీ_సీటీఎల్ స్టాప్‌నే వాడండి, బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ 9 జోలికి పోవద్దు.

ప్రధాన వెర్షన్ మారితే పాత డేటా డైరెక్టరీని కొత్త సర్వర్ తెరవదు. కాబట్టి పాత ఎన్విరాన్‌మెంట్‌ను తొలగించక ముందే పీజీ_డంప్‌ఆల్‌తో మొత్తం డేటాను బయటికి తీసి, కొత్త వెర్షన్‌తో మళ్లీ ఇనిట్‌డీబీ నడిపిన డైరెక్టరీలోకి ఎక్కించండి.