సర్వర్ ఆగినా రికార్డు చూపించడం ఎలా: సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు సిబ్బందికి

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకం (స్థిరాస్తి దస్తావేజులది), రెండో పుస్తకం (రిజిస్ట్రేషన్ నిరాకరించిన కారణాలది), ఒకటో పుస్తకం తాలూకు ఇండెక్సులు రుసుము కట్టిన ఎవరికైనా చూపించాల్సినవే. ఉమ్మడి రాష్ట్రంలో కంప్యూటర్లు 1998లో కార్డ్ అనే రిజిస్ట్రేషన్ కంప్యూటరీకరణ పథకంతో వచ్చాయి. చట్టం అంతకు 90 ఏళ్ల ముందుది. నెట్‌వర్క్ పోయిందన్న కారణంతో ఆ హక్కు ఆగదు. ఆ రోజు కొత్త రిజిస్ట్రేషన్లు ఆపక తప్పదు, ఎందుకంటే 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా) తాజాగా చూసే వీలుండదు. కానీ ఇండెక్సులో వెతికించడం, నకళ్లు ఇవ్వడం, దరఖాస్తులు తీసుకోవడం మాత్రం ఆపాల్సిన పని లేదు. ముందే సిద్ధంగా ఉంటే చాలు.

సిద్ధం చేసుకోవాల్సిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది రెండో ఇండెక్సు. దస్తావేజుల నకళ్లున్న వాల్యూములు బీరువాలో ఉన్నా, ఏ సర్వే నంబరు ఏ దస్తావేజులో ఉందో చెప్పేది అదే. ప్రతి శుక్రవారం సాయంత్రం కౌంటర్ మూశాక దాన్ని ఫైలుగా దింపుకోండి. అందులో ఉండాల్సినవి: దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన తేదీ, గ్రామం, సర్వే నంబరు, ఇంటి నంబరు, విస్తీర్ణం, హద్దులు, దస్తావేజు రకం, రాసిచ్చినవారు, రాయించుకున్నవారు, స్కాన్ ఫైలు నంబరు. మీ లాగిన్‌లో అలా దింపుకునే వీలు లేకపోతే జిల్లా రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అడగండి. కనీసం గత రెండేళ్లది నెలకోసారి ప్రింటు తీసి బైండు చేయించండి.

ఫైలును రెండు రూపాల్లో దాచాలి. వెతకడానికి సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక ఫైలు), చూపించడానికి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత తెలుగు డేటా "అను" అనే పేరున్న పాతకాలపు ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంట్ లేని ల్యాప్‌టాప్‌లో తెరవగానే అక్షరాల బదులు పిచ్చిగుర్తులు కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో ఫాంటు పొదిగితే ఆ బాధ ఉండదు. పాస్‌వర్డ్ పెట్టిన రెండు బయటి డిస్కులు తీసుకుని ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి వేరే భవనంలో పెట్టండి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడినప్పుడు 709 వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి, దానికి బయట మరో ప్రతి లేదు. నెలకోసారి ఆ డిస్కును నెట్‌కు తగిలించని ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఏదో ఒక సర్వే నంబరు వెతికి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

కరెంటు విషయం క్లుప్తంగా. లేజర్ ప్రింటరును చిన్న యూపీఎస్‌కు తగిలించకండి. లోపలి హీటరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, 600 వీఏ యూపీఎస్ ట్రిప్ అవుతుంది, దాంతోపాటు కంప్యూటరూ పోతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఒకటి విడిగా ఉంచండి.

ఆగిన వెంటనే ముందు ఎక్కడ ఆగిందో తేల్చండి. శాఖ వెబ్‌సైటును మొబైల్ డేటాలో తెరవండి. తెరుచుకుంటే పోయింది మీ లైను మాత్రమే. అప్పుడు 1983 నుంచి ఉన్న ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) వివరాలు జనం తమ ఫోన్లలోనే చూసుకోవచ్చు, ఆ మాట వాళ్లకు చెప్పండి. ఫోన్‌లోనూ తెరుచుకోకపోతే లోపం పైన, శాఖ సర్వర్‌లోనే ఉంది. ఫైళ్ల పేర్లు మారిపోయి, తెర మీద డబ్బు అడిగే సందేశం కనిపిస్తే మాత్రం నెట్‌వర్క్ తీగ పీకేసి పైవాళ్లకు ఫోన్ చేయండి. అటువంటి మెషీన్‌కు బ్యాకప్ డిస్కు తగిలించారంటే అదీ పోతుంది.

తర్వాత తలుపు దగ్గర బోర్డు పెట్టండి. తేదీ, ఎన్ని గంటలకు ఆగింది, ఇప్పుడు ఏ పనులు జరుగుతున్నాయి, ఏవి జరగడం లేదు, రుసుము ఎంత అన్నవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. వట్టి "సర్వర్ డౌన్" కాగితం అంటిస్తే బయట దళారులకు పని దొరుకుతుంది.

దరఖాస్తులకు ముందే పేజీ నంబర్లు వేసిన రిజిస్టరు వాడండి. వరుస సంఖ్య, తేదీ, సమయం, పేరు, ఏం కావాలి, రశీదు నంబరు, ఇస్తామన్న తేదీ, అందుకున్న సంతకం, చివర ఒక ఖాళీ గడి. వరుస సంఖ్య ముందు "చే" (చేతిరాత) అని రాస్తే తర్వాత కంప్యూటర్ నంబర్లతో కలిసిపోదు. డబ్బు విషయంలో జిల్లా రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి, నంబర్లున్న రశీదు పుస్తకం రెండూ ఉంటేనే నగదు తీసుకోండి. లేకపోతే దరఖాస్తు మాత్రం తీసుకుని, చలానా తర్వాత కట్టమనండి.

ఈసీ దగ్గర నిదానంగా ఉండాలి. ఈసీ ఎప్పుడూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అన్న కాలానికే ఇస్తాం. కాబట్టి మీ దగ్గరున్న ఇండెక్సు ఏ రోజు దాకా ఉందో ఆ రోజుతోనే కాలం ముగించండి. గత శుక్రవారం దింపిన ఫైలు చూసి ఈరోజు తేదీదాకా "లావాదేవీలు లేవు" అని రాస్తే, మధ్యలో తనఖా పెట్టిన భూమిని ఒక కుటుంబం కొనుక్కుని నష్టపోతుంది. మిగిలిన రోజులకు సర్వర్ వచ్చాక మళ్లీ తీసుకోవాలని దరఖాస్తుదారుకు నోటితో చెప్పి, కాగితం మీదా రాయండి. ఇద్దరు విడివిడిగా వెతికి ఫలితాలు పోల్చుకోవాలి. 124 అని మాత్రమే వెతికితే 124/1, 124/2ఎ తప్పిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన గ్రామాల్లో ఎల్‌పీఎం నంబరుతో (రీసర్వేలో భూమికి ఇచ్చిన కొత్త నంబరు) పాటు పాత సర్వే నంబరుతోనూ వెతకాలి. ఊరి పేరు రెండు మూడు రకాలుగా రాసి ఉంటుంది, అన్నీ చూడండి.

నకలు ఇచ్చేటప్పుడు వాల్యూమును పూర్తిగా విప్పి జెరాక్స్ గాజు మీద అదిమితే కుట్టు తెగుతుంది. రెండు వైపులా ఎత్తుగా ఏదైనా పెట్టి, సగం తెరిచి, ఆఫీసు కెమెరాతో పైనుంచి ఫొటో తీయండి. సొంత ఫోన్లు, వాట్సాప్ వద్దు, ఎందుకంటే దస్తావేజుల్లో ఆధార్ నంబర్లు, వేలిముద్రలు ఉంటాయి. చూడటానికి వచ్చినవారికి పెన్సిల్ మాత్రమే ఇవ్వండి, పెన్ను వద్దు. నకలు కింద నిజప్రతి అని, తేదీ, పేరు, హోదా, సంతకం, ముద్ర ఉండాలి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 75వ సెక్షన్ అడిగేవి ఇవే. వీలునామాలుండే మూడో పుస్తకం, నాలుగో పుస్తకం మాత్రం ఎవరికి పడితే వారికి చూపకూడదు. వాటిలో వెతకాల్సింది రిజిస్టరింగ్ అధికారే.

సమాచార హక్కు దరఖాస్తు కాగితం మీద వస్తే తీసుకోవాల్సిందే. 30 రోజుల గడువు సర్వర్ కోసం ఆగదు. నిరాకరించడానికి 8, 9 సెక్షన్లలో ఉన్న కారణాలే చెల్లుతాయి. జాప్యానికి జరిమానా రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000.

తహసీల్దార్ ఆఫీసుకూ ఇదే పద్ధతి. ఖరీఫ్ పంట రుణాల రద్దీకి ముందే గ్రామాలవారీగా 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) ప్రింటు తీసి, ఏ తేదీ నాటివో ప్రతి పేజీ మీద వేసి ఉంచితే చాలా మంది రైతులు ఊరికే తిరగక్కర్లేదు.

సర్వర్ వచ్చిన వెంటనే పాత పద్ధతి మానేయకండి. ఆగడానికి ముందు రిజిస్టరైన చివరి దస్తావేజును చేతిలో పట్టుకుని, అది తెర మీద ఉందో లేదో చూడండి. పాత బ్యాకప్ నుంచి పునరుద్ధరిస్తే చివరి ఒకటి రెండు రోజులవి కనబడకపోవచ్చు. ఆ తర్వాత వేర్వేరు గ్రామాలవి ఓ ఇరవై ఎంట్రీలు కాగితంతో పోల్చండి. సరిపోయాకే "చే" దరఖాస్తులు ఒక్కరే కూర్చుని ఎక్కించాలి. ఇద్దరు ఎక్కిస్తే ఒకే దరఖాస్తు రెండుసార్లు పడుతుంది. ఎక్కించగానే కంప్యూటర్ ఇచ్చిన నంబరును రిజిస్టరు చివరి గడిలో ఎర్ర సిరాతో రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన వరుసల్లో ఉన్నవారికి ఫోన్ చేసి పిలవండి.