ఆదరణ కూడికలో 39వ కీర్తన ఎలా చదవాలి

చిత్తూరు వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, భూస్థాపన అయిన కొద్ది రోజులకు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకుంటారు. వాకిట్లో షామియానా, గంటన్నర ప్రసంగం, భోజనాలు. పొద్దుపోయేసరికి ఇల్లు ఖాళీ. ఇంత జరిగినా, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు దేవుడితో ఒక్క మాట చెప్పుకునే సందు దొరకదు. ఆ సందు ఇవ్వడానికే ఈ కూడిక. దానికి బైబిల్లోని 39వ కీర్తన బాగా సరిపోతుంది.

రోజు, సమయం ఇంటివాళ్లనే చెప్పమనండి. సాయంత్రం 5 గంటలకు మొదలైతే వేలూరు, పలమనేరు నుంచి వచ్చిన బంధువులు చీకటి పడకముందే బస్సెక్కగలరు. మొత్తం 50 నిమిషాలు దాటనివ్వొద్దు, అది రాత్రుళ్లు నిద్ర లేని ఇల్లు. చిన్న గదిలో మైకు పెట్టొద్దు. మైకు ముందు మనిషి మాట్లాడడం మానేసి ప్రసంగించడం మొదలుపెడతాడు.

మొదట అందరికీ నోటికొచ్చిన పాట ఒకటి. ఆ తర్వాత కీర్తన. 13 వచనాలే, ముగ్గురికి పంచండి. 1 నుంచి 3 వరకు ఒకరు: నోరు మూసుకుని ఊరుకుంటే లోపల మంట రేగిందని కీర్తన రాసిన దావీదు చెప్పుకునే భాగం. 4 నుంచి 7 వరకు ఇంటివాళ్లలో ఒకరు చదివితే మేలు. గొంతు పూడుకుపోతే అందుకోవడానికి పక్కన ఒకరిని ముందే కూర్చోబెట్టండి. మిగతాది మూడో మనిషి. తమిళం మాట్లాడే బంధువులుంటే 7వ వచనం తమిళ బైబిల్లోంచి కూడా చదివించండి.

5వ వచనం దగ్గర కాస్త ఆగాలి. నా దినాలను బెత్తెడంతే చేశావని దావీదు దేవుడితో అనేది అక్కడే. బొటనవేలు వదిలి, నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి ఒడిలో ఉన్న బైబిలు మీద ఆనించమనండి. బెత్తెడంటే అంతే. పేజీలో కొన్ని వరుసలు వేళ్ల కింద కనబడకుండా పోతాయి, అంతకు మించి లేదు. డెబ్బై ఏళ్లు బతికిన నాన్నకైనా, ముప్పైలో పోయిన కొడుక్కైనా ఇక్కడ కొలత అదే. పిల్లలకు ప్రసంగం కన్నా ఇదే గుర్తుంటుంది.

చాలామంది 7వ వచనంతో చదవడం ఆపేస్తారు. ఆశ మాట వచ్చింది కదా, చాలనుకుంటారు. కానీ ఆ మాట అన్న తర్వాత కూడా దావీదు మీద దెబ్బ తగులుతూనే ఉంది, 10వ వచనం చూడండి. చివరి వచనంలో అయితే, నేను వెళ్లిపోకముందు కాస్త తెప్పరిల్లేలా నా మీది నుంచి నీ చూపు తిప్పుకో అని దేవుణ్ణే అడుగుతాడు. భర్తను మట్టిలో పెట్టి వచ్చి మూడు రోజులైన మనిషి ఉండేది ఆ వచనంలోనే. దాన్ని దాటేస్తే ఆమెను దాటేసినట్టే. పరిస్థితి బాగుపడుతుందన్న లెక్క మీద నిలబడ్డ ఆశ కాదిది. బాగుపడకపోయినా నీకోసమే కనిపెట్టుకుని ఉన్నానని అనగలగడం. అందుకే కీర్తన చివరిదాకా చదవాలి.

తర్వాత రెండు నిమిషాలు మౌనం. గడియారం చూసే పని ఒకరికి అప్పగించండి. లేకపోతే నలభై సెకన్లకే ఎవరో ఒకరు ఉండబట్టలేక ప్రార్థన అందుకుంటారు. బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద ఊరికే కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

వాక్యం చెప్పేవారికి పది నిమిషాలు చాలు. 'దేవుడు ప్రేమించి తీసుకెళ్లిపోయాడు' అనే మాట అనొద్దని ముందే చెప్పండి. అది విన్న చిన్నపిల్ల, రేపు అమ్మను కూడా ప్రేమిస్తాడేమోనని భయపడుతుంది. 'ఏడవకండి' కూడా వద్దు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసింది కూడా దుఃఖపడొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని. పాడె మోసిన హిందూ ఇరుగుపొరుగువాళ్లు కూడా ఆ గదిలో ఉంటారు. వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పండి, ఆ పూట దాన్ని సువార్త సభ చేయకండి.

అసలు బరువు జనం వెళ్లిపోయాక మొదలవుతుంది. సంఘంలో ఒకరు నెల రోజులపాటు వారానికోసారి, ఒకే రోజున, ఒకే వేళకు వెళ్లాలి. మరణ నమోదు 21 రోజుల్లోపు అయిందో లేదో కనుక్కోండి, ఆ గడువు దాటితే రుసుములు, తిరుగుళ్లు. వెళ్లినప్పుడు వారానికి ఒక్క కీర్తనే చదవండి: మొదట మళ్లీ 39, తర్వాత 90, ఆపైన 103. 90లో దినాలు లెక్కపెట్టుకోవడం నేర్పమన్న మోషే, మా చేతిపని స్థిరపరచమని ముగిస్తాడు. మళ్లీ అంగడి తెరవాల్సినవాళ్లకు, బడికి వెళ్లాల్సినవాళ్లకు అది పనికొస్తుంది. ప్రార్థనే రావడం లేదన్నవాళ్లకు 88 ఇవ్వండి. అది చీకట్లోనే ముగుస్తుంది, అయినా దేవుడితో మాట్లాడడం ఆపలేదు.

వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, 'నేనూ పోతే బాగుండు' అన్నా, ప్రార్థనతో సరిపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కు చేయండి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి. బయట కూర్చుని వాళ్ల కోసం ప్రార్థించండి.