విశాఖ బస్తీలో యువకేంద్రం: తెరవడం, నెలనెలా నడపడం

విశాఖలో కాసేపు కూర్చోవడానికి సముద్రతీరం ఉండనే ఉంది కదా అని చాలామంది అంటారు. కానీ కంచరపాలెంలోనో, జ్ఞానాపురంలోనో, మల్కాపురంలోనో రెండు గదుల ఇంట్లో అయిదుగురితో కలిసి ఉండే పదహారేళ్ళ పిల్లకు సాయంత్రం ఆరు తరువాత స్నేహితురాలితో కూర్చుని చదువుకోవడానికీ, మనసులో మాట చెప్పుకోవడానికీ డబ్బు అడగని చోటు దాదాపు లేదు. ఇక్కడ చెప్పబోయే యువకేంద్రం అలాంటి చోటు. దరఖాస్తు, రుసుము, తప్పనిసరి తరగతి ఏవీ ఉండవు. వచ్చినవారు కూర్చుంటారు, ఆడుకుంటారు, అవసరమైతే సాయం అడుగుతారు, వెళ్ళిపోతారు. దీన్ని తెరవడం కష్టం కాదు. పద్దెనిమిదో నెలలో కూడా చెప్పిన వేళకు తలుపు తీసి ఉంచడమే కష్టం, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం డబ్బు గురించే.

గది వెతకడానికి ముందు ఒక నెల కేవలం వినడానికి కేటాయించండి. పెద్ద జాలరిపేటలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపలవేట నిషేధంలో కుర్రాళ్ళకు పగలంతా ఖాళీయే; వేట మొదలయ్యాక ఆ వేళలు పనికిరావు. గాజువాక వైపు షిఫ్టు పనుల ఇళ్ళలో పెద్దవాళ్ళు పగలు నిద్రపోతారు కాబట్టి పిల్లలకు ఇంట్లో గట్టిగా మాట్లాడే వీలు కూడా ఉండదు. ఇంటర్ విద్యార్థులు స్టడీ అవర్స్ ముగించుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్లలను విడిగా, మరొక స్త్రీ చేత అడిగించాలి. అబ్బాయిల ముందు వారు చెప్పే వేళలూ, విడిగా చెప్పే వేళలూ ఒకటి కావు. వయసు హద్దు కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ళ వారిని యువత అంటుంది, కానీ పద్నాలుగేళ్ళ పిల్లనూ ఇరవై తొమ్మిదేళ్ళ మనిషినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. 14 నుంచి 21 వరకు పెట్టుకుని, పద్దెనిమిది లోపు వారికి కొన్ని వేళలు ప్రత్యేకించడం మంచిది.

ఇలా వచ్చిపోయే చోటును ఇంగ్లీషులో ‘డ్రాప్-ఇన్ సెంటర్’ అంటారు, కానీ బోర్డు మీద ఆ పేరు రాయకండి. హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాల్లో ఆ పేరుతో కేంద్రాలు ఉన్నందున బస్తీలో కొందరు దానికి వేరే అర్థం చెప్పుకుని తమ పిల్లలను పంపకపోవచ్చు. పేరు పిల్లలనే పెట్టమనండి.

గది నేలమట్టంలో, వీధిలోకి కనిపించేలా, బస్సు స్టాపుకు నడిచే దూరంలో ఉండాలి. మద్యం దుకాణం పక్కన ఎంత చవకగా దొరికినా వద్దు. లోపల గడియ పడే మరుగుదొడ్డి, విశాఖ ఉక్కపోతకు తగినన్ని ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు ఉంటే చాలు. తీరానికి దగ్గరైతే ఉప్పుగాలికి ఇనుప బీరువాలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి చెక్కవో ప్లాస్టిక్‌వో కొనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరికి చేసింది గుర్తున్నవారెవరూ కాగితాలను నేలమీది అరలో ఉంచరు. రిజిస్టర్లకు నకళ్ళు తీసి వేరే ఇంట్లో భద్రపరచండి. సామాజిక భవనం ఉచితంగా దొరకవచ్చు, వార్డు సచివాలయంలో అడిగి చూడండి, కానీ పెళ్ళిళ్ళకు ఇచ్చిన రోజుల్లో మీ తలుపు మూసి ఉంటుంది. రెండుసార్లు మూసిన తలుపు చూసిన కుర్రాడు మూడోసారి రాడు. అందుకే చిన్నదైనా అద్దె గదే మేలు.

తెరిచి ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, వారిలో ఒకరు స్త్రీ కావాలి. వారిని పిల్లలు ‘సార్’, ‘మేడమ్’ అనకుండా ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే వాతావరణం ఉంటేనే కష్టం చెప్పుకుంటారు. అలాగని నియమం సడలకూడదు. ప్రతి ఒక్కరికీ పోలీసు ధ్రువీకరణ చేయించాలి, మూసిన గదిలో ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల మాత్రమే ఎప్పుడూ ఉండకూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, కాబట్టి ‘ఎవరికీ చెప్పను’ అని ముందుగా మాట ఇవ్వకూడదని సిబ్బందికి నేర్పాలి. బాలల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లు గోడమీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు ఎలా వెళ్ళాలో సిబ్బందికి తెలిసి ఉండాలి. రాత్రి బస మాత్రం పెట్టకండి. ఆశ్రయం అవసరమైన పిల్లలను ఉంచే సంస్థలకు 2015 బాల న్యాయ చట్టం కింద వేరే నమోదు కావాలి.

కేంద్రాన్ని నడిపే సంస్థను ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 కింద సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. తరువాత పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఆపై ఆదాయపు పన్ను కింద రెండు నమోదులు: సంస్థకు మినహాయింపు కోసం ఒకటి, దాతకు రాయితీ కోసం మరొకటి. వీటిని అందరూ ఇంకా పాత సెక్షన్ల పేర్లతో 12ఏ, 80జీ అనే అంటారు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది కాబట్టి ఫారాల విషయం ఆడిటర్‌తో సరిచూసుకోండి.

ఇక డబ్బు. ఉదాహరణకు నెలకు అద్దె 15,000, పూర్తికాలపు సమన్వయకర్తకు 22,000, సగం రోజు పనిచేసే రెండో వ్యక్తికి 12,000, కరెంటుకు 3,000, టీ, అల్పాహారాలకు 5,000, శుభ్రతకు 4,000, చిల్లర ఖర్చులకు 4,000 వేసుకుంటే 65,000 అవుతుంది, అంటే ఏడాదికి 7,80,000 రూపాయలు. మీ వీధి ధరలను బట్టి అంకెలు మారినా ఒక సంగతి మారదు: సగానికి పైగా జీతాలే. కంప్యూటర్లు, క్యారమ్ బోర్డులు ఇచ్చే దాతలు సులభంగా దొరుకుతారు, జీతం ఇచ్చేవారు దొరకరు. వస్తువులు ముందు కొని మనుషుల కోసం తరువాత వెతకడం నేను ఎక్కువగా చూసిన పొరపాటు. ఆరు నెలల ఖర్చు, పై లెక్కన 3,90,000 రూపాయలు, బ్యాంకులో పడ్డాకే తలుపు తెరవండి.

మొదటి ఆధారం చుట్టుపక్కల వారే కావాలి. నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు అరవైమంది ఉంటే 30,000 వస్తుంది. చుట్టుపక్కల బడుల పాత విద్యార్థులు, వ్యాపారులు, ఉక్కు, ఓడరేవు, షిప్‌యార్డు విశ్రాంత ఉద్యోగులను అడగండి. ప్రతి నెలా ఖర్చుల పట్టికను గోడకు అంటించడం ఎంత మంచి మాట చెప్పినా రాని నమ్మకాన్ని తెస్తుంది. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను రాయితీ వర్తించదు కాబట్టి యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి.

అమెరికాలోని బంధువులు పంపే సొమ్ము విషయంలో మాత్రం జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) పంపినా అది విదేశీ విరాళమే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. సాధారణంగా ఆ నమోదుకు మూడేళ్ళ పని, 15 లక్షల ఖర్చు చూపాలి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధి రెండో ఏడాదో మూడో ఏడాదో ఆలోచించాల్సినది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం అర్హమైన కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం వెచ్చించాలి, తమ పరిసర ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. రిఫైనరీ మొదలు ఫార్మా దాకా పరిశ్రమలున్న ఈ తీరంలో అది పెద్ద అవకాశం. అయితే నిధి అందుకునే సొసైటీకి పై రెండు పన్ను నమోదులూ, కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్‌ఆర్-1 ఫారంతో చేసుకునే నమోదూ, అటువంటి పనిలో మూడేళ్ళ అనుభవమూ ఉండాలి. అప్పటిదాకా అనుభవమున్న పాత సంస్థతో భాగస్వామ్యం రాసుకోవచ్చు. ప్రతిపాదనలో జీతాన్ని దాచకండి. ‘సమన్వయకర్త జీతం, ఏడాదికి 2,64,000’ అని స్పష్టంగా రాయండి. ఏ ఒక్క దాతా మొత్తం ఖర్చులో మూడో వంతుకు మించి భరించకుండా చూసుకుంటే, ఒక కంపెనీ అధికారి బదిలీతో కేంద్రం ఆగిపోదు.

నిల్వ మూడు నెలల ఖర్చుకు తగ్గిన రోజున సభ్యుల సమావేశం పెట్టండి. వారంలో రోజులు తగ్గించడం కన్నా రోజుకు గంట తగ్గించడం మేలు, ఎందుకంటే ఏ రోజు తెరుస్తారో అన్న అనుమానమే పిల్లలను దూరం చేస్తుంది. మార్చిన వేళలను దాతల కన్నా ముందు కేంద్రానికి వచ్చే పిల్లలకు చెప్పండి, తలుపు మీద రాయండి, ఆ వేళకు మాత్రం తప్పకుండా తీయండి.