పాటల దారిలో ఇంగ్లిష్ – 4వ పాఠం: రికార్డు గాడిలో మాటలు

పోయిన వారం బ్లూస్ అనే అమెరికా పాటల తీరు గురించి చెప్పుకున్నాం. ఆ పాఠం అయిపోయాక, కడపలో మా సాయంత్రం క్లాసుకు వచ్చే డిగ్రీ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "సార్, మా ల్యాబ్ రికార్డు, తిరునాళ్లలో వేసే రికార్డు డ్యాన్సు, రెండూ ఒకటే మాటనా?"

ఒకటే మాటమ్మా. ఎమ్మార్వో ఆఫీసులో బీరువాలో ఉండే రికార్డులూ, క్రికెట్‌లో బద్దలయ్యే రికార్డూ కూడా అదే. ఆ ప్రశ్న నాకెంత నచ్చిందంటే, ఈ వారానికి అనుకున్న పాఠం పక్కన పెట్టి దీన్నే రాస్తున్నాను.

లాటిన్‌లో "రి" అంటే మళ్లీ, "కోర్" అంటే గుండె. మళ్లీ గుండెలోకి తెచ్చుకోవడం, అంటే గుర్తు చేసుకోవడం. మరిచిపోకుండా రాసిపెట్టుకున్నది రికార్డు అయింది. ల్యాబ్‌లో చేసిన ప్రయోగం, భూమి ఎవరిదన్న వివరం, ఎవరూ దాటని పరుగుల లెక్క, అన్నీ అలా రాసిపెట్టుకున్నవే. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారు చేశాడు. పదేళ్లకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ పళ్లెం తిప్పి పాట వినిపించే గ్రామఫోన్ తెచ్చాడు. అప్పటినుంచి గొంతును కూడా దాచిపెట్టుకోవచ్చు కాబట్టి ఆ పళ్లేనికీ అదే పేరు వచ్చింది. ఆ పళ్లెం పాటకు ఆడేది రికార్డు డ్యాన్సు.

"కోర్" నుంచే కరేజ్ వచ్చింది, గుండె ధైర్యం. కంఠతా పట్టడాన్ని ఇంగ్లిష్ వాళ్లు "లెర్న్ బై హార్ట్" అంటారు. మనకు పాఠం కంఠంలో ఉంటుంది, వాళ్లకు గుండెలో. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది: "ఐ బైహార్టెడ్ ద లెసన్". అలా అనకూడదు. "ఐ లెర్న్‌డ్ ద లెసన్ బై హార్ట్" అనాలి. మూడుసార్లు పైకి చదవండి.

ఇప్పుడు పలకడం. తెలుగులో పేరుకైనా పనికైనా మనం "రికార్డు" అనే అంటాం. ఇంగ్లిష్‌లో వస్తువు పేరైతే మొదటి ముక్కను నొక్కి "రెకార్డ్" అంటారు: షీ బ్రోక్ ద రెకార్డ్. చేసే పని అయితే రెండో ముక్క మీద బరువు పెట్టి "రికార్డ్" అంటారు: దే రికార్డ్ ఎవ్రీ క్లాస్. కానుక అయితే "ప్రెజెంట్", సమర్పించడం అయితే "ప్రిజెంట్". వస్తువైతే "ఆబ్జెక్ట్", అభ్యంతరం చెబితే "అబ్జెక్ట్". ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ ఇంగ్లిష్ వినేవాళ్లకు ఎంతో తేలిగ్గా అర్థమవుతుంది.

మైదుకూరులో మా మామకు మైకుసెట్టు ఉండేది. పెళ్లి పందిట్లో ఆయన పక్కన కూర్చుని, అట్ట కవర్లో నుంచి రికార్డు తీసి అందించడం చిన్నప్పుడు నా పని. నల్లగా, మెరుస్తూ, చూసినదానికన్నా బరువుగా ఉండేది. అంచులు పట్టుకోవాలి, మధ్యలో వేలు తగలకూడదు. వెలుతురుకు ఏటవాలుగా పెడితే, దుక్కి చేసిన చేను దూరం నుంచి కనబడినట్టు సన్నని గీతలు చుట్టూ తిరిగేవి. ఒకసారి నా చేతిలో నుంచి జారి ఒకటి మూడు ముక్కలైంది. మామ తిట్టలేదు. ముక్కలు ఏరుతూ, "లక్కరా ఇది, గాజు మాదిరే పగుల్తుంది" అన్నాడు.

మామ మాట నిజం. పాత రికార్డులను షెల్లాక్‌తో చేసేవాళ్లు. అందులోని "లాక్" మన లక్కే, లక్క పురుగు నుంచి వచ్చేదే. సంస్కృతంలో లాక్షా, తెలుగులో లక్క, ఇంగ్లిష్‌లో లాక్. పల్చటి పెంకుల్లా చేసిన లక్క కాబట్టి ముందు "షెల్" చేరింది. ఫర్నిచర్‌కు పూసే లాకర్ కూడా ఈ కుటుంబమే.

రికార్డు మీది ఆ సన్నని గీత పేరు గ్రూవ్, మన మాటలో గాడి. రికార్డు మీద ఆనించే పిన్ను ఆ గాడిలో నడిస్తేనే పాట. అమెరికాలో జాజ్ వాయించేవాళ్లు, వాయిద్యాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి హాయిగా సాగుతుంటే "ఇన్ ద గ్రూవ్" అన్నారు. అందులోంచి "గ్రూవీ" పుట్టి 1960లలో కుర్రకారు నోట్లో బాగా నానింది.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. "పిల్లోడు గాడిలో పడ్డాడు" అని మనం మెచ్చుకుంటాం. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దింపి "హి ఫెల్ ఇన్‌టు ఎ రట్" అంటే అర్థం తలకిందులవుతుంది. రట్ కూడా గాడే, కానీ మట్టి దారిలో బండి చక్రం చేసిన గాడి. అందులో ఇరుక్కుంటే బయటకు రావడం కష్టం. రోజూ అదే పని, ఎదుగూబొదుగూ లేదు అనడానికి "ఐయామ్ స్టక్ ఇన్ ఎ రట్" అంటారు. మన పిల్లోడి గురించి అయితే "హి ఈజ్ బ్యాక్ ఆన్ ట్రాక్" అనాలి. తెలుగులో గాడి ఒక్కటే, ఇంగ్లిష్‌లో దేనికి ఏది వాడాలో చూసుకోవాలి.

రికార్డు బీటువారితే పిన్ను వెనక గాడిలోకి జారుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు కాబట్టి, సెకను కూడా గడవకముందే అదే ముక్క మళ్లీ వస్తుంది. మనం "అరిగిపోయిన రికార్డు" అంటాం, వాళ్లు "బ్రోకెన్ రికార్డ్" అంటారు. ఒకే మాట పదిసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు, "ఐ డోంట్ వాంట్ టు సౌండ్ లైక్ ఎ బ్రోకెన్ రికార్డ్, బట్..." అని మొదలుపెడితే మర్యాదగా ఉంటుంది.

ఆల్బమ్ కథ ఇంకా బాగుంటుంది. పది అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాలే పట్టేది. పెద్ద సంగీతం వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫొటోల పుస్తకంలాంటి అట్టలో పేర్చి అమ్మేవాళ్లు. అందుకే ఆ పేరు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీ, అంటే లాంగ్ ప్లే రికార్డు, తెచ్చాక వైపుకు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. పుస్తకం పోయింది, మాట నిలిచింది. లాటిన్‌లో "ఆల్బస్" అంటే తెలుపు, ఆల్బమ్ అంటే మొదట ఖాళీ తెల్ల పలక. మీ ఇంట్లో ఎవరికైనా రక్త పరీక్ష చేయిస్తే రిపోర్టులో కనిపించే ఆల్బుమిన్‌కు కూడా అదే తెలుపు మూలం, గుడ్డులోని తెల్లసొన.

వైపుకు ఒక్క పాటే ఉండే సింగిల్ రికార్డుకు రెండో వైపు ఫ్లిప్ సైడ్. "ద జాబ్ పేస్ వెల్. ద ఫ్లిప్ సైడ్ ఈజ్ ద నైట్ షిఫ్ట్." జీతం బాగుంది, కానీ రాత్రి డ్యూటీ.

చివరగా మన దేశం పాట ఒకటి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని గ్రామఫోన్ రికార్డుకు పాడింది. పాట ముగిశాక ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పింది: "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్." రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు పాడిందెవరో తెలియాలి కదా. ఇంటర్వ్యూలో టెన్షన్‌తో "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టే వాళ్లందరికీ నేను ఈ వాక్యమే నేర్పిస్తాను. మైసెల్ఫ్ వద్దు. మై నేమ్ ఈజ్, ఆ తర్వాత మీ పేరు.

వచ్చే వారానికి పని: మన కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, వీలుంటే అక్కడికి వెళ్లండి. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు అడిగి, "గాడి", "లక్క" అనే మాటలకు ఆయన ఏం రాశాడో నోట్సులో దించుకోండి. తర్వాత రట్, ట్రాక్, ఫ్లిప్ సైడ్‌లతో మీ ఇంటి సంగతి, మీ పని సంగతి చెప్పే మూడు వాక్యాలు రాయండి. ఫోన్‌లో రికార్డ్ చేసి, మీ గొంతు మీరే వినండి. వచ్చే పాఠం క్యాసెట్.