జేబులో చెయ్యి పెడితేనే కూర్చునే కుక్క: తాయిలంతో నేర్పేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి విరుగుళ్లు

మా చుక్కకు ‘కూర్చో’ అన్న మాట రెండు రోజుల్లో వచ్చేసింది. మూడో వారానికల్లా, నా చెయ్యి జేబులోకి వెళితే తప్ప కూర్చోనక్కర లేదని కూడా తెలుసుకుంది. అది మొండిదని నేను, తెలివైనదని మా అవ్వ నెల రోజులు వాదించుకున్నాం. అవ్వే గెలిచింది. తాయిలం నోట్లో పడడానికి ముందు క్షణంలో ఏం జరిగిందో కుక్క దాన్నే పట్టుకుంటుంది. మనం ఏం నేర్పాలనుకున్నామన్నది దానికి అనవసరం. అనంతపురంలో ఈ దేశవాళీ ఆడకుక్కతోనూ, ఆ తరువాత పక్కింటి లాబ్రడార్‌తోనూ పడిన పాట్లను సమస్యల వారీగా రాస్తున్నాను.

సమస్య: చేతిలో తిండి కనిపిస్తేనే మాట వింటుంది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. తిండి ముందు చూపించి తరువాత మాట చెప్పడమే కారణం. అలా చేస్తే కుక్క మన పిడికిలిని చూసి కూర్చుంటుంది, మాట పక్కన ఎక్కడో చప్పుడులా మిగిలిపోతుంది. పనికి ముందు చూపించేది లంచం, పని అయ్యాక ఇచ్చేది కూలి. మనం కూలి ఇస్తున్నామనుకుంటూ లంచం ఇస్తుంటాం.

మొదట్లో పది పదిహేను సార్లు తాయిలాన్ని ముక్కు ముందు నుంచి తల మీదుగా వెనక్కి జరిపి కూర్చోబెట్టడంలో తప్పు లేదు. అక్కడే ఆగిపోవడం వల్లే చిక్కంతా. మూడో రోజు నుంచి చెయ్యి అలాగే కదిలించాలి, కానీ ఖాళీ చెయ్యి. కుక్క కూర్చోగానే మెచ్చుకుని, తాయిలం వేరే చోటు నుంచి తీసి ఇవ్వాలి. నేను మూడు చిన్న స్టీలు డబ్బాలు పెట్టాను: వంటింటి అరలో ఒకటి, వరండా కిటికీలో ఒకటి, టీవీ పక్కన ఒకటి. మన ఒంటి మీద తిండి లేకపోయినా కూలి అందుతుందని కుక్కకు నమ్మకం కుదరాలి. చుక్కకు అది కుదరడానికి వారం పట్టింది.

ఆ తరువాత తాయిలం తగ్గించవచ్చు. ఒకసారి వెంటనే, ఒకసారి మూడోసారికి, ఒకసారి రెండోసారికి, వరస దొరకకుండా ఇవ్వాలి. వరస తెలిస్తే కుక్క లెక్క వేసుకుంటుంది. పూర్తిగా ఎగ్గొట్టకూడదు, కూలి రాని చోటికి ఎవరూ రెండో రోజు పనికి రారు. తిండికి బదులు అది కోరే పనినే కూలిగా ఇవ్వడం ఇంకా మేలు. చుక్క ఇప్పుడు గేటు ముందు కూర్చుంటుంది, దానికి కూలి గేటు తెరవడమే.

సమస్య: కూర్చున్నట్టే కూర్చుని, లేచి మీదికి దూకుతుంది

మనం ఆలస్యం చేస్తున్నాం. కుక్క కూర్చుంటుంది, మనం డబ్బా మూత కోసం తడుముకుంటాం, ఈలోగా అది లేచి రెండు కాళ్లూ మన మోకాళ్ల మీద పెడుతుంది, సరిగ్గా అప్పుడు తాయిలం అందుతుంది. దూకడానికే కూలి ముట్టినట్టు లెక్క. చేసిన పనికీ తిండికీ మధ్య ఒకటి రెండు సెకన్ల కంటే ఎక్కువ ఎడం ఉంటే ముడి పడదు.

చేతులు అంత వేగంగా ఆడవు గానీ నోరు ఆడుతుంది. అందుకని ఒక గుర్తుమాట పెట్టుకోవాలి. మాది ‘భేష్’. చిన్నది, మామూలు మాటల్లో దొర్లదు. ముందు ఏ పనీ చెప్పకుండా ‘భేష్’ అనడం, వెంటనే ఒక ముక్క పెట్టడం, ఇలా రోజుకు ఇరవై సార్లు, రెండు రోజులు. తిండికి ముందు వినిపించే చప్పుడుకే కుక్కలకు నోరూరుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ చూపించింది ఇదే. మాట అంటుకున్నాక, కుక్క పిరుదులు నేలను తాకిన క్షణంలో ‘భేష్’ అంటే చాలు, తాయిలం మూడు సెకన్లు ఆలస్యమైనా పరవాలేదు. శిక్షకులు వాడే క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, చేసే పనీ ఇదే. కొనాలనిపిస్తే కొనండి, నాకు అవసరం రాలేదు.

సమస్య: ఇంట్లో బుద్ధిమంతురాలు, గేటు దాటితే చెవిటిది

తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ మైదానానికి తీసుకెళితే చుక్క నా గొంతే ఎరగనట్టు ఉండేది. కారణాలు రెండు. వరండాలో నేర్చుకున్న ‘కూర్చో’ వరండాకే చెందుతుందని కుక్క అనుకుంటుంది, చోటు మారితే పాఠం మళ్లీ దాదాపు మొదటి నుంచే. రెండోది ధర. వీధికుక్కలు, మేకలు, రాత్రి బండ్ల దగ్గర పారేసిన కబాబు పుల్లలు, ఇన్ని వాసనల మధ్య ఒక బొరుగు గింజకు ఏం విలువ?

తాయిలాలను మెట్లుగా పెట్టుకోవాలి. ఇంట్లో తేలిక పనికి ఏమీ కలపని బొరుగులు చాలు, కడుపు నిండదు, ఖర్చు లేదు. వరండాకు క్యారెట్, కీర ముక్కలు. బయటికి ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసిన కోడిమాంసం, శనగబద్దంత ముక్కలు. మాంసం వండని ఇళ్లలో ఉడికిన గెనుసుగడ్డ, పనీర్ బాగా పనిచేస్తాయి. గుడ్డు వరకూ ఒప్పుకుంటే ఉడికిన గుడ్డుకు మించినది లేదు. ఆ పై మెట్టు తాయిలం బయట తప్ప ఇంట్లో ఎప్పుడూ దొరకకూడదు.

ఇక దూరం. వేరే కుక్క కనిపించినా మనది ఇంకా తిండి తీసుకోగలిగినంత దూరంలో మొదలుపెట్టి, రోజుకు నాలుగడుగులు దగ్గరవ్వాలి. పట్టు తప్పితే వెనక్కి జరగడమే. అరిచి లాభం లేదు, నేను అరిచి చూశాను.

సమస్య: తాయిలం వాసన చూసి మొహం తిప్పుకుంటుంది

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ముందుగా అనుమానించాల్సింది ఎండను. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో నాలుక చాపి రొప్పుతున్న కుక్క తినే స్థితిలో ఉండదు, నేర్చుకునే స్థితిలో అసలే ఉండదు. ఆరున్నర లోపు లేదా బాగా పొద్దుపోయాక, నీళ్లు తాగించి, ఐదు నిమిషాలు చాలు. తారురోడ్డు మీద మన అరచేతి వెనుక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. ఉడికించిన మాంసం ఆ వేడిలో జేబులో తొందరగా పాడవుతుంది, మిగిలింది పారేయండి.

ఎండ కాకపోతే కడుపు నిండి ఉండవచ్చు, భోజనానికి ముందు నేర్పండి. అదీ కాకపోతే భయం. టపాసుల చప్పుడుకు తోక ముడిచిన కుక్క కోడిముక్కనైనా ముట్టదు. అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్లండి, పాఠం ఆ పూటకు వద్దు. మామూలు అన్నం కూడా ఒక రోజంతా మానేస్తే పశువైద్యుడికి చూపించాలి.

సమస్య: ‘రా’ అంటే దూరంగా పరుగెడుతుంది

ఇది పూర్తిగా నా స్వయంకృతం. స్నానానికి, గొలుసు వేయడానికి, మందు పోయడానికి తప్ప నేను ‘రా’ అని పిలిచిందే లేదు. ఆ మాట వింటే దానికి బకెట్టు కనిపించేది. పాడైన మాటను బాగుచేయడం కంటే కొత్త మాట తేలిక. ‘ఇటు’ అని మొదలుపెట్టాను. రెండు వారాలు ‘ఇటు’ అంటే కోడిముక్క, ఆ వెంటనే మళ్లీ ఆటకు వదిలేయడం. స్నానానికి మాత్రం నేనే దాని దగ్గరికి నడిచి వెళ్తాను. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు, వచ్చినందుకే తిట్టారని అది అర్థం చేసుకుంటుంది.

సమస్య: మనం తింటుంటే పక్కన నిలబడి మొరుగుతుంది

ఎవరో ఒకరు కంచంలోంచి ముక్క వేశారు. సాధారణంగా ఆ ఒకరు ఒప్పుకోరు. మొరిగితే ఇవ్వడం మానేసిన మొదటి రోజుల్లో గోల తగ్గదు, రెట్టింపవుతుంది. అప్పుడు విసిగి వేస్తే, ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే. మనం కూర్చునే ముందే దాన్ని ఒక చాప మీద పడుకోబెట్టి, నోరు మెదపకుండా ఉన్నప్పుడు లేచి వెళ్లి ఆ చాప మీదే పెట్టాలి.

సమస్య: పాఠాలన్నీ వచ్చాయి, కుక్క లావెక్కింది

తాయిలాలు రోజు మొత్తం ఆహారంలో పదో వంతు మించకూడదు. పది కిలోల కుక్కకు రోజుకు ఇంచుమించు 600 కేలరీలు కావాలి, అంటే తాయిలం వాటా 60. వేయించిన వేరుశనగ గింజకు సుమారు రెండున్నర కేలరీలు వేసుకున్నా పాతిక గింజలు దాటకముందే ఆ వాటా అయిపోతుంది. ఏ రోజు తాయిలం ఎక్కువైతే ఆ రోజు అన్నం తగ్గించండి. లాబ్రడార్ల సంగతి వేరు. వాటిలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని పెంచే జన్యుమార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. పక్కింటి దాని దీనమైన చూపులను నేను అప్పటి నుంచి నమ్మడం మానేశాను.

వేరుశనగ గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి, మన జిల్లాలో అది చేతికి అందుబాటులో ఉండే తాయిలం కనుక. ఉప్పు లేనిది, వేయించినది, పొట్టు తీసినది, నాలుగైదు గింజలైతే నష్టం లేదు. నూనె ఎక్కువ కాబట్టి దోసిళ్లతో పెడితే విరేచనాలు, కొన్నిటికి క్లోమం వాపు. అసలు ప్రమాదం బూజు. వర్షాభావంలో పండిన కాయల్లోనూ, తేమ తగిలిన మూటల్లోనూ పట్టే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కుక్క కాలేయాన్ని దెబ్బతీసి చంపగలదు. మనం ఏరి పక్కన పారేసే ముడతలు పడ్డ, రంగు మారిన గింజలే కుక్కకు వేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ అలవాటు మానాలి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు. బొరుగులతో చేసే ఉగ్గాణిలో ఉల్లి ఉంటుంది, పాయసంలో ఎండుద్రాక్ష ఉంటుంది. జైలిటాల్ అనే తీపి కలిపిన పల్లీ వెన్న కూడా విషమే. వండిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

సమస్య: తాయిలంతో పాటు వేళ్లూ అందుకుంటుంది

తొందర వల్ల అయితే అరచేతిని చాపి దాని మీద పెట్టి ఇవ్వండి, లేదా నేల మీద వేయండి. తిండి దగ్గరికి వెళితే గుర్రుమని బిగుసుకునే కుక్క విషయం వేరు, అది ఈ చిట్కాలకు లొంగేది కాదు, అనుభవమున్న శిక్షకుడిని పిలవాలి. పంటి గాటు పడితే ఇంట్లో పెంచిన కుక్కే కదా అని ఊరుకోకుండా, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: ఒకరి మాట వింటుంది, ఇంకొకరిది వినదు

నేను ‘కూర్చో’ అంటాను, మా అబ్బాయి ‘సిట్’ అంటాడు, మా ఆవిడ వేలు చూపిస్తుంది. కుక్కకు ఇవి మూడు వేర్వేరు పాఠాలు. మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం, అందరూ అవే వాడాలని. అవ్వ మాత్రం ఇప్పటికీ ‘కూచోవే తల్లీ’ అనే అంటుంది. ఎప్పుడూ అదే మాట, అదే గొంతు, చీర కొంగున కట్టిన అవే బొరుగులు. చుక్క అందరికంటే ముందు అవ్వ మాటకే కూర్చుంటుంది.