అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ట్రెయిల్ ఎక్కే ముందు

బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే ఘాటైన కారపు స్ప్రే) ఉందా? విమానంలో చెకిన్ బ్యాగులోనూ ఒప్పుకోరు, అక్కడికి చేరాకే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. గడువు తేదీ చూడండి. బ్యాగు అడుగున కాదు, నడుముకు ఉండాలి. సేఫ్టీ క్లిప్ తీయడం ముందే ప్రాక్టీస్ చేయండి. దోమల మందులా ఒంటికీ టెంటుకీ కొట్టేది కాదిది. మీదికొస్తున్న ఎలుగు దాదాపు 60 అడుగుల దూరంలోకి రాగానే దానివైపు, కాస్త కిందికి గురిపెట్టి కొట్టాలి.

- కనీసం ముగ్గురు కలిసి నడవండి. మలుపుల్లో, వాగుల దగ్గర గట్టిగా మాట్లాడండి. ఇయర్‌ఫోన్లు వద్దు.
- ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాల దూరం. బైసన్‌కు (అమెరికా అడవిదున్న), ఎల్క్ జింకలకు 25 గజాలు. ఇది పార్కు నిబంధన. నన్నడిగితే బైసన్‌కు ఇంకా ఎక్కువే ఉంచండి. తలొంచుకుని మేస్తూ సాధువుగా కనిపిస్తుంది గానీ, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ఈ పార్కులో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచిన జంతువు అదే. పిల్లల్ని దాని దగ్గర నిలబెట్టి ఫోటో తీసే ఆలోచన మానుకోండి.
- సెప్టెంబర్, అక్టోబర్‌లలో మగ ఎల్క్‌లు కార్లమీదికీ వస్తాయి.
- పులిహోర డబ్బా, చిప్స్, టూత్‌పేస్ట్: ఏదీ టెంట్లో పెట్టొద్దు, వాసనకు ఎలుగులొస్తాయి.
- ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు. మెల్లగా వెనక్కి నడవండి. ఈ మాట పిల్లలకు కారు దిగకముందే చెప్పాలి.